పాఠకుల ప్రశ్నలు: విద్యుత్ పాఠం తెర మీదికి ఎక్కాలంటే

ఈసారి మాకు అందిన ఉత్తరాలలో ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి వచ్చినవి చాలావరకు ఒకే విషయాన్ని ప్రస్తావించాయి. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పాఠాలను కంప్యూటర్ మీద, ఫోను మీద విద్యార్థి స్వయంగా చేసి చూసుకునేలా తయారుచేయడం ఎలా అన్నదే ఆ విషయం. అందువల్ల ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: నేను రాయగడలో ఒక డిప్లొమా కళాశాలలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ బోధిస్తున్నాను. మొదటి సంవత్సరం సర్క్యూట్ల పాఠాలన్నీ వీడియోలుగా రికార్డు చేసి విద్యార్థులకు అందజేశాం. వారు శ్రద్ధగానే చూస్తున్నారు, నోట్సు కూడా రాసుకుంటున్నారు. అయినా సీరీస్, ప్యారలల్ సర్క్యూట్ల మీద ప్రశ్నను కాస్త తిప్పి అడిగితే తడబడుతున్నారు. ఆ పాఠాలను ఇంటరాక్టివ్‌గా మార్చమని ఇప్పుడు కళాశాల కోరుతోంది. ప్రోగ్రామింగ్ నాకు అంతంత మాత్రమే. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక అధ్యాపకురాలు, రాయగడ

సమాధానం: ప్రోగ్రామింగ్ రాకపోవడం మీకు పెద్ద అడ్డంకి కాదు. సర్క్యూట్లను తెర మీద కట్టి చూపించే మంచి సిమ్యులేటర్లు ఇప్పటికే ఉచితంగా దొరుకుతున్నాయి. నోబెల్ పురస్కార గ్రహీత కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ఫెట్ సిమ్యులేషన్లలో సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్ అనేది ఉంది. అందులో బ్యాటరీ, బల్బు, తీగ, స్విచ్, మీటర్లను వేలితో లాగి కలుపుకోవచ్చు. అంతకంటె లోతుగా వెళ్ళాలనుకుంటే పాల్ ఫాల్‌స్టాడ్ రూపొందించిన సర్క్యూట్ సిమ్యులేటర్ బ్రౌజరులోనే నడుస్తుంది, వోల్టేజి మార్పును గీతగా చూపే ఆసిలోస్కోపు తెరను కూడా చూపిస్తుంది. ప్రశ్నలను, వీడియోలను, సిమ్యులేషన్లను ఒక వరుసలో కూర్చడానికి మూడుల్, హెచ్‌ఫైవ్‌పీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు చాలు. కాబట్టి మీ శ్రమ పరికరం మీద కాకుండా ప్రశ్న మీద పెట్టండి.

ఇక్కడే చాలామంది దారి తప్పుతున్నారు. వీడియో మధ్యలో రెండు మూడు బటన్లు పెట్టినంత మాత్రాన పాఠం ఇంటరాక్టివ్ కాదు. విద్యార్థి ముందుగా ఏం జరుగుతుందో ఊహించి చెప్పాలి, తర్వాత చేసి చూడాలి, తన ఊహ ఎక్కడ తప్పిందో తన మాటల్లో రాయాలి. ఈ మూడూ లేని పాఠం ఎంత అందంగా ఉన్నా విద్యార్థి చూసేవాడుగానే మిగిలిపోతాడు. కరెంటు గురించి మొదటి సంవత్సరం పిల్లల మనసులో కొన్ని అభిప్రాయాలు ముందే నాటుకుని ఉంటాయి. బల్బు కరెంటును 'తినేస్తుంది' అనీ, బ్యాటరీ ఎప్పుడూ ఒకే కరెంటును ఇస్తుందనీ, స్విచ్‌కు దగ్గరగా ఉన్న బల్బుకు కరెంటు ముందు చేరుతుంది కనుక అదే ఎక్కువగా వెలుగుతుందనీ వారు నమ్ముతారు. వీడియోలో మీరు సరైన సూత్రం చెబుతున్నప్పుడు వారు తల ఊపుతారు, కాని ఆ పాత నమ్మకం అలాగే ఉండిపోతుంది. ప్రశ్నను తిప్పి అడిగినప్పుడు బయటికి వచ్చేది అదే.

ఒక పాఠాన్ని దగ్గరగా చూద్దాం. మొదటి తెర మీద 230 వోల్టుల సరఫరా, ఒక స్విచ్, సీరీస్‌లో 40 వాట్ల ఫిలమెంట్ బల్బు, 100 వాట్ల ఫిలమెంట్ బల్బు ఉంటాయి. ఎల్ఈడీ దీపాలకు ఈ లెక్క వర్తించదు కనుక బొమ్మలో పాత గాజు బల్బునే చూపాలి. స్విచ్ ఇంకా వేయలేదు. ఏది ఎక్కువగా వెలుగుతుందో ఎంచుకోమని అడగండి. 100 వాట్లది, రెండూ సమానంగా, స్విచ్‌కు దగ్గరగా ఉన్నది, 40 వాట్లది అని నాలుగు జవాబులు ఇవ్వండి. ఒకటి ఎంచుకుని, ఎందుకో ఒక్క వాక్యం రాసేదాకా స్విచ్ పనిచేయకూడదు.

ఇకమీదట నలుగురికీ ఒకే తెర చూపించకూడదు. స్విచ్‌కు దగ్గరగా ఉన్నది అన్న విద్యార్థి చేత రెండు బల్బుల స్థానాలు మార్పించండి. వెలుగులో మార్పు రాకపోవడం అతడే చూస్తాడు. రెండూ సమానమన్న విద్యార్థి సగం సరిగానే ఆలోచించాడు, ఎందుకంటే సీరీస్‌లో కరెంటు నిజంగానే ఒకటే. అతని చేత ఒక్కో బల్బు మీద వోల్ట్‌మీటరు పెట్టించండి. 100 వాట్లది అన్న విద్యార్థిని, బల్బు మీద ఉన్న 100 అనే అంకె ఎన్ని వోల్టుల దగ్గర నిజమవుతుందో చూడమని అడగండి. అప్పుడు లెక్క చేయించండి. 230 వోల్టుల రేటింగు ప్రకారం 40 వాట్ల బల్బు రెసిస్టెన్స్ సుమారు 1,322 ఓములు, 100 వాట్ల బల్బుది 529 ఓములు. రెండూ సీరీస్‌లో ఉంటే కరెంటు 0.124 ఆంపియర్లు. వోల్టేజిలో సుమారు 164 వోల్టులు చిన్న బల్బు మీద, 66 వోల్టులు పెద్ద బల్బు మీద పడతాయి. చిన్నది 20 వాట్లు, పెద్దది 8 వాట్లు తీసుకుంటాయి. సరైన జవాబు ఎంచుకున్న విద్యార్థిని కూడా ఈ లెక్క దాటి వెళ్ళనివ్వకండి, అతడు ఊహతో గట్టెక్కి ఉండవచ్చు.

పాఠాన్ని అక్కడితో ఆపకుండా ఇంకొక్క మెట్టు ఎక్కించమని నా మనవి. ఫిలమెంట్ వేడెక్కే కొద్దీ దాని రెసిస్టెన్స్ బాగా పెరుగుతుంది, చల్లగా ఉన్నప్పుడు చాలా తక్కువగా ఉంటుంది. సీరీస్‌లో పెద్ద బల్బు సరిగా వేడెక్కదు, కనుక దాని అసలు రెసిస్టెన్స్ 529 ఓముల కంటె తక్కువగానే ఉండిపోతుంది. ఫలితంగా చిన్న బల్బు మీద 164 వోల్టుల కంటె ఎక్కువే పడుతుంది, నిజమైన బోర్డు మీద పెద్ద బల్బు దాదాపు ఆరిపోయినట్టే కనిపిస్తుంది. బల్బును మామూలు రెసిస్టరుగా తీసుకునే సిమ్యులేటరు దీన్ని చూపించదు. ఈ తేడాను దాచిపెట్టకుండా విద్యార్థుల ముందు ఉంచితే, తెర మీద కనిపించేది ఒక నమూనా మాత్రమేనని వారికి మొదటి సంవత్సరంలోనే తెలుస్తుంది. ఇంజనీరుకు ఆ జ్ఞానం చాలా అవసరం.

ఇలాంటి పాఠం పావుగంట మించకూడదు. మీ దగ్గర ఉన్న పొడవైన వీడియోలను పారేయనక్కరలేదు. ఊహ తప్పిన తర్వాత, 'మరి ఎందుకిలా?' అని విద్యార్థి అడిగే చోట వాటి నుంచి నాలుగైదు నిమిషాల ముక్కలు కోసి పెట్టండి. అప్పుడు చూసే కన్ను వేరుగా ఉంటుంది.

ప్రశ్న: నేను గుణుపురం ప్రాంతంలో ఐటీఐ విద్యార్థులకు ఎలక్ట్రీషియన్ ట్రేడ్ బోధిస్తాను. ఇటీవల మా పక్క ఊరిలో న్యూట్రల్ తీగ (కరెంటు తిరిగి ట్రాన్స్‌ఫార్మరుకు చేరే తీగ) తెగి కొన్ని ఇళ్ళలో టీవీలు కాలిపోయాయి, అదే సమయంలో మరికొన్ని ఇళ్ళలో దీపాలు మసకబారాయి. ఒకే తీగ తెగితే రెండు రకాలుగా ఎందుకు జరిగిందని పిల్లలు అడుగుతున్నారు. బోర్డు మీద వెక్టర్లు గీశాను కాని వారికి ఎక్కలేదు. దీనికి పాఠం ఎలా తయారుచేయాలి?
— ఒక ఇన్‌స్ట్రక్టరు, గుణుపురం

సమాధానం: సిమ్యులేషన్ అత్యవసరమైన చోటు ఇదే. నిజమైన బోర్డు మీద ఈ ప్రయోగం ఎవరూ, ఎప్పుడూ చేయకూడదు, మనుషులకూ పరికరాలకూ ప్రమాదం. తెర మీద మాత్రం ఎన్నిసార్లైనా న్యూట్రల్ తెంపవచ్చు.

ఫాల్‌స్టాడ్ సిమ్యులేటరులో మూడు ఏసీ సోర్సులు తీసుకుని, వాటి ఫేజ్ కోణాలను 0, 120, 240 డిగ్రీలుగా పెట్టి, ఒక కొనను ఉమ్మడిగా కలపండి. అదే మీ ట్రాన్స్‌ఫార్మరు న్యూట్రల్. ఒక చిన్న జాగ్రత్త: ఆ సోర్సు అడిగేది గరిష్ఠ వోల్టేజి. 230 అని వేస్తే లెక్కలన్నీ తప్పుతాయి, 325 అని వేయాలి. ఆ రెండు అంకెలకూ ఉన్న సంబంధం ఏమిటని విద్యార్థులనే అడిగితే ఆర్ఎంఎస్ (మారుతూ ఉండే ఏసీ వోల్టేజి అంతే వేడిని ఇచ్చే డీసీ వోల్టేజి విలువ, ఇక్కడ 230) పాఠం కూడా అక్కడే జరిగిపోతుంది.

ఇప్పుడు ఒక ఫేజు మీద ఒక ఇల్లు, మరొక ఫేజు మీద ఇంకొక ఇల్లు పెట్టండి. మొదటి ఇంట్లో 100 వాట్ల లోడు మాత్రమే ఉంది, అంటే 529 ఓములు. రెండవ ఇంట్లో ఇస్త్రీపెట్టె నడుస్తోంది, 1,000 వాట్లు, అంటే 52.9 ఓములు. మూడవ ఫేజును ఖాళీగా వదిలేయండి. న్యూట్రల్ ఉన్నంతసేపు ఇద్దరికీ 230 వోల్టులే. ఆ రెండు ఇళ్ళకూ ట్రాన్స్‌ఫార్మరుకూ మధ్య న్యూట్రల్‌లో ఒక స్విచ్ పెట్టి, దాన్ని తెరిచే ముందు విద్యార్థులను అడగండి: ఏ ఇంట్లో సామాన్లు కాలిపోతాయి? ఎక్కువ లోడు ఉన్న ఇంట్లోనేనని చాలామంది అంటారు. స్విచ్ తెరవగానే రెండు ఇళ్ళూ సీరీస్‌లోకి వస్తాయి, వాటి మీద పడేది రెండు ఫేజుల మధ్య ఉండే సుమారు 398 వోల్టులు. అందులో 362 వోల్టులు 100 వాట్ల ఇంటి మీద పడతాయి, ఇస్త్రీపెట్టె ఉన్న ఇంటికి మిగిలేది 36 వోల్టులు. తక్కువ వాడుతున్న ఇంట్లో టీవీ ఎందుకు కాలిందో, ఎక్కువ వాడుతున్న ఇంట్లో దీపం ఎందుకు మసకబారిందో మీ విద్యార్థులు తమంతట తామే చెబుతారు. పై ఉత్తరానికి ఇచ్చిన రెండు బల్బుల పాఠం చేసిన విద్యార్థి ఇక్కడ దాన్నే గుర్తుపడతాడు.

ఆ తర్వాత రెండవ ఇంటి లోడును స్లైడరుతో తగ్గిస్తూ రమ్మనండి. రెండు లోడులూ సమానమైన చోట ఇద్దరికీ 199 వోల్టులు వస్తాయి. వెక్టర్ల బొమ్మను అప్పుడు పక్కన పెట్టండి. జరిగినదాన్ని చూసి ఉంటారు కనుక ఆ బాణాలు వారికి అర్థవంతంగా కనిపిస్తాయి. చివరగా, న్యూట్రల్ తీగలో ఫ్యూజు ఎందుకు పెట్టకూడదన్న ప్రశ్నను వారికే వదిలేయండి.

ప్రశ్న: నేను జయపురంలో డిప్లొమా రెండవ సంవత్సరం చదువుతున్నాను. మా ల్యాబులో మీటర్లు కొన్నే పనిచేస్తాయి, ఒక్కో టేబులు దగ్గర చాలామంది ఉంటాం. ఆన్‌లైన్ ల్యాబులో ప్రయోగాలు చేసుకుంటే సరిపోతుందా? తర్వాత ఉద్యోగంలో ఇబ్బంది పడతానా?
— ఒక విద్యార్థి, జయపురం

సమాధానం: రెండు ప్రశ్నలకూ వేర్వేరు జవాబులున్నాయి. విషయం అర్థం కావడానికి ఆన్‌లైన్ ల్యాబు మంచి సాధనమే. కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో, కంప్యూటర్ మీద సర్క్యూట్లు కట్టిన విద్యార్థులు సర్క్యూట్ల భావనలను అర్థం చేసుకోవడంలోనే కాక, తర్వాత నిజమైన పరికరాలతో సర్క్యూట్ కట్టి వివరించడంలో కూడా నిజమైన పరికరాలతోనే నేర్చుకున్న వారికంటె మెరుగ్గా చేశారు. మన దేశంలో కేంద్ర విద్యాశాఖ ఆధ్వర్యంలోని వర్చువల్ ల్యాబ్స్‌లో ఎలక్ట్రికల్ ప్రయోగాలు ఉన్నాయి. ఐఐటీ బొంబాయిలోని ఫాసీ బృందం తయారుచేసిన ఈసిమ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, కంప్యూటర్ ఉంటే దానిలో సర్క్యూట్ గీసి ఫలితాలు చూడవచ్చు. ఐఐటీల వీడియో పాఠాలు ఎన్‌పీటెల్‌లో దొరుకుతాయి. వీటిని వాడుకోండి, ఇందులో సంకోచం అక్కరలేదు.

అయితే ఆ అధ్యయనం బ్యాటరీలు, బల్బుల వంటి చిన్న సర్క్యూట్లకు సంబంధించినది. మోటారు స్టార్టరు వైరింగు, కేబులు జాయింటు, ఎర్తింగు వంటివి తెర మీద నేర్చుకుంటే వచ్చేవి కావు. మల్టీమీటరును ఆంపియర్ల స్థానంలో ఉంచి పొరపాటున సరఫరాకు అడ్డంగా పెడితే ఫ్యూజు పోతుంది, మనిషికే ప్రమాదం కావచ్చు; తెర మీద అదే పని చేస్తే మహా అయితే బొమ్మ మంట వస్తుంది. భయం లేకుండా తప్పులు చేయడానికి తెర మంచిది. కాని సరఫరా ఆపడం, ఆగిందని మీటరుతో పరీక్షించడం, ఆ తర్వాతే చేయి పెట్టడం అనే అలవాటు నిజమైన బోర్డు ముందు నిలబడితేనే వస్తుంది. కాబట్టి ప్రయోగానికి ముందు రోజు దాన్ని తెర మీద చేసి, రావలసిన రీడింగులను కాగితం మీద రాసుకుని ల్యాబుకు వెళ్ళండి. మీటరు మీ చేతికి కొద్దిసేపే దొరికినా ఏం చూడాలో మీకు ముందే తెలిసి ఉంటుంది. మీరు రాసుకున్న అంకెకూ మీటరు చూపిన అంకెకూ తేడా వస్తే దాని కారణం వెతకండి.

ప్రశ్న: బరంపురంలో మా తరగతిలో తెలుగు, ఒడియా మాట్లాడే పిల్లలు కలిసి చదువుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలలోనూ కొందరికి ఒడియా లిపే బాగా చదవడం వస్తుంది. పరీక్ష ఇంగ్లీషులో ఉంటుంది. ఇంటరాక్టివ్ పాఠం ఏ భాషలో తయారుచేయాలి? ఉదాహరణలు కూడా మా ప్రాంతానివే ఉండాలంటారా?
— ఒక ఉపాధ్యాయురాలు, బరంపురం

సమాధానం: వివరణ పిల్లలు మాట్లాడే భాషలో, సాంకేతిక పదాలు పరీక్షలో వచ్చే రూపంలో ఉంటే మంచిదని నా అభిప్రాయం. కరెంటు, వోల్టేజి, రెసిస్టెన్స్ అన్న మాటలు మన ఊళ్ళ ఎలక్ట్రీషియన్లు రోజూ అనేవే, వాటిని మార్చనక్కరలేదు. లిపి సమస్యకు జవాబు గొంతు. వివరణను తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి రికార్డు చేసి, విద్యార్థి తనకు కావలసినది ఎంచుకునేలా పెట్టండి. బొమ్మలలో మాటలను బొమ్మలో భాగంగా గీయవద్దు, వేరుగా ఉంచండి. అప్పుడు బొమ్మలు మళ్ళీ గీయకుండానే పాఠం మరో భాషలోకి వెళుతుంది. మీ తోటి ఒడియా ఉపాధ్యాయుల చేత ఆ వివరణ చెప్పించండి. యంత్రానువాదాన్ని ఎవరూ చదివి సరిచూడకుండా పిల్లల ముందు పెట్టకండి.

ప్రాంతపు ఉదాహరణ విషయంలో, అది పాఠానికి పని చేస్తేనే వాడండి. ఉదాహరణకు కోరాపుట్ జిల్లాలో ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాల ఉమ్మడి మాచ్‌ఖండ్ జల విద్యుత్ కేంద్రం 1955లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అలాంటి జల విద్యుత్ కేంద్రాలలో టర్బైను బొగ్గు కేంద్రాల టర్బైను కంటె చాలా నెమ్మదిగా తిరుగుతుంది, అయినా రెండు చోట్ల నుంచీ వచ్చే విద్యుత్తు 50 హెర్ట్జులే. ఎందుకు? ఇది మంచి ప్రశ్న. ఒక స్లైడరుతో జనరేటరు ధ్రువాల సంఖ్య మార్చనివ్వండి. 2 ధ్రువాలైతే నిమిషానికి 3,000 చుట్లు, 4 అయితే 1,500, 12 అయితే 500. విద్యార్థి ఈ మూడు అంకెలనూ తానే రాబట్టి, 120ని 50తో గుణించి ధ్రువాల సంఖ్యతో భాగించే సూత్రాన్ని తానే పట్టుకోవాలి. సూత్రం తెర మీద ముందే కనిపించకూడదు. ఊరి పేరు పెట్టి ఊరుకునే ఉదాహరణ కంటె ఇలాంటిది మేలు.

ప్రశ్న: మా పిల్లలకు ఫోన్లే ఉన్నాయి, కొండ గ్రామాలలో సిగ్నల్ ఉండదు. ఇవన్నీ మాకు సాధ్యమేనా? అలాగే పాఠం పనిచేసిందో లేదో తెలుసుకునేది ఎలా?
— ఒక అధ్యాపకుడు, పర్లాకిమిడి

సమాధానం: సాధ్యమే. ఫెట్ సిమ్యులేషన్లలో చాలావాటిని ఒక్కొక్క ఫైలుగా దింపుకుని ఇంటర్నెట్ లేకుండా బ్రౌజరులో నడపవచ్చు. కళాశాలలో ఉన్నప్పుడు ఆ ఫైలును ఫోను నుంచి ఫోనుకు పంచుకోమనండి. అయితే ముందుగా విద్యార్థుల ఫోన్లలో అన్నిటికంటె పాతదాన్ని తీసుకుని అందులో తెరిచి చూడండి. దానిలో నడిస్తే మిగతావాటిలో నడుస్తుంది. ఇంటర్నెట్ లేని చోట్ల కోసమే తయారైన కోలిబ్రి అనే ఉచిత వేదికను ఒక చిన్న కంప్యూటర్ మీద పెట్టి, వైఫై రౌటరు ద్వారా తరగతి మొత్తానికి పాఠాలు అందించవచ్చు. వీడియోకు బదులు నిశ్చల చిత్రాలు, మాట వాడితే ఫైలు పరిమాణం బాగా తగ్గుతుంది. ఫోను తెర మీద రెండు మూడు భాగాలకు మించిన సర్క్యూట్ ఇరుకుగా ఉంటుంది కనుక పెద్ద సర్క్యూట్లను ముక్కలుగా చూపండి. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా మీదే అర్థం ఆధారపడకుండా ఫేజులకు ఆర్, వై, బి గుర్తులు కూడా పెట్టండి, ఆ రంగుల తేడా పోల్చుకోలేని విద్యార్థులు ప్రతి కళాశాలలోనూ ఉంటారు.

అంకెల జవాబులు అడిగేటప్పుడు కొంత వెసులుబాటు ఇవ్వండి. 0.124కు బదులు 0.12 అని రాసిన పిల్లవాడికి 'తప్పు' అని చూపిస్తే పాఠం మీద నమ్మకం పోతుంది. మూడుల్‌లో ఇంత శాతం తేడా వరకు ఒప్పుకోవాలని పెట్టుకోవచ్చు. 1.5 కిలో ఓములు, 1,500 ఓములు రెండూ సరేనని కూడా ముందే చెప్పి ఉంచాలి. ఒక్కొక్కరికి ఒక్కో విలువ వచ్చేలా పెడితే పక్కవాడి జవాబు చూసి రాయడం కుదరదు, కలిసి పద్ధతి మాట్లాడుకోవడం మాత్రం కుదురుతుంది.

పాఠం పనిచేసిందా అన్నదానికి, ఎంతమంది తెరిచారు, ఎంతసేపు చూశారు అన్న లెక్కలు సరిపోవు. పాఠానికి ముందు, తర్వాత ఒకే భావనను వేరే సర్క్యూట్లలో అడిగే చిన్న పరీక్ష పెట్టండి. ఎంగెల్‌హార్ట్, బైక్‌నర్ అనే పరిశోధకులు 2004లో ప్రచురించిన డైరెక్ట్ అనే 29 ప్రశ్నల పరీక్ష డీసీ సర్క్యూట్ల మీద ఉన్న అపోహలను బయటపెట్టడానికే తయారైంది. దాని తీరు చూస్తే తప్పు జవాబులను ఎలా రాయాలో కూడా తెలుస్తుంది. అంతకంటె ముందు, పాఠాన్ని అందరికీ పంచకమునుపే ఇద్దరు విద్యార్థులను ఒకే ఫోను ముందు కూర్చోబెట్టి, వారు మాట్లాడుకునేది పక్కన కూర్చుని వినండి. మీరు నోరు విప్పకూడదు, వారు అడిగినా జవాబు చెప్పకూడదు. వారు ఎక్కడ ఆగిపోయారో, ఏ బటను కోసం వెతికారో, ఏ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదివారో రాసుకుని, ఆ చోట్లను సవరించిన తర్వాతే మిగతా తరగతికి ఇవ్వండి.